పాపకు ఎగ్జిమా: వేపాకు ముద్ద వేస్తే మండిపోయింది. ఇంట్లో మలాం చేసుకోవచ్చా?

రాజోలు అమ్మ · డిసెంబరు 3, రాత్రి 10:20

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. మా పాపకు ఐదేళ్లు. ఏడాదిన్నర వయసు నుంచి మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా వచ్చి దురద పెడుతోంది. డాక్టరు గారు ఎగ్జిమా అన్నారు. ఇచ్చిన క్రీము రాసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపిన పది రోజులకు మళ్లీ మొదలు. చలి వచ్చాక మరీ ఎక్కువైంది. నిద్రలోనే గోక్కుంటుంది. పొద్దున చూస్తే దుప్పటి మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు.

మొన్న ఆదివారం మా అత్తయ్య గారు వేపాకు, పచ్చిపసుపు కలిపి రోట్లో నూరి మడతల్లో మందంగా పట్టించారు. ఆవిడ ప్రేమతోనే చేశారు. మా ఆయనకు చిన్నప్పుడు గజ్జి అలాగే తగ్గిందట. కాసేపటికి ఆ ముద్ద ఎండి, నీళ్లు తీసిన చెరువులో మట్టిలా బీటలు వారింది. చెయ్యి చాపలేక “మండుతోందమ్మా” అని పాప ఒకటే ఏడుపు. గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టి తీసేసరికి అక్కడ చర్మం పచ్చిగా, రసి కారుతూ ఉంది.

ఇంకో సంగతి. మా ఆడపడుచు ఎవరి దగ్గరో కొన్న చిన్న డబ్బా ఒకటి పంపింది. పేరు లేదు, చీటీ లేదు. అంతా మూలికలేనట. మూడు రోజుల్లో మచ్చ కూడా కనపడదట. రాయాలా వద్దా అని ఆ డబ్బా చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అసలు మన కొబ్బరినూనెతో ఇంట్లోనే మలాం చేసుకునే పద్ధతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పాలకొల్లు మందుల షాపు · డిసెంబరు 3, రాత్రి 10:48

అమ్మా, ముందు ఆ డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టేయండి. ఏళ్లుగా ఉన్న ఎగ్జిమాను ఏ ఆకుపసరూ మూడు రోజుల్లో మాయం చెయ్యదు. అలా చేసిందంటే అందులో స్టీరాయిడ్, అంటే వాపును, దురదను త్వరగా అణిచే మందు, కలిపి ఉంటుందని ముందుగా అనుమానించాలి. ఈ కల్తీ మన దగ్గరే కాదు, వేరే దేశాల్లోనూ ఉంది. 2003లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎగ్జిమా పిల్లలకు వాడుతున్న 24 మూలికల క్రీములు తెప్పించి పరీక్ష చేస్తే 20 వాటిలో స్టీరాయిడ్ బయటపడింది.

డాక్టరు రాసిన స్టీరాయిడ్ అయితే ఎంత బలమైనదో, ఎన్ని రోజులు రాయాలో తెలుస్తుంది. ఈ డబ్బాలో ఏముందో అమ్మినవాడికైనా తెలుసో లేదో. మోచేతి మడతల్లో చర్మం అసలే పలచన, బలమైన స్టీరాయిడ్ దాన్ని ఇంకా పలచన చేస్తుంది.

లంకతోట · డిసెంబరు 4, తెల్లవారుజాము 5:15

తల్లీ, నాకు డెబ్బై దాటాయి. ముమ్మిడివరం వైపు కొబ్బరితోట. మా అమ్మ ఇంట్లో తైలాలు కాచేది, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల వాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. ఆవిడ దగ్గర చూసినది చెబుతాను.

పచ్చి ఆకు నూరి ఒంటికి పట్టించడం వేరు, తైలం కాచి రాయడం వేరు. ముద్ద ఎండేకొద్దీ ఒంట్లో ఉన్న తడిని కూడా లాగేస్తుంది. ఎగ్జిమా ఒళ్లు అసలే పొడి. అందుకే పాపకు మండింది. మీ అత్తగారిని ఏమీ అనకండి. గజ్జికి వేసిన మందు దీనికి వేశారు, అంతే.

తైలానికి పాత లెక్క ఒకటి ఉంది. ఆకు ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, కషాయం పదహారు పాళ్లు. మందపాటి గిన్నెలో సన్న సెగ మీద నీరంతా ఇగిరేదాకా కాచాలి. నీరు పూర్తిగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? మా అమ్మ గిన్నె అడుగున ఉన్న ముద్ద కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య వత్తిలా నలిపేది. చేతికి అంటుకుంటే ఇంకా పచ్చి. అంటుకోకుండా వత్తి నిలబడితే దాన్ని దీపానికి చూపించేది. చిటపటలాడిందా, నీరు ఉన్నట్టే, మళ్లీ పొయ్యి మీదకు. చప్పుడు లేకుండా నూనె దీపంలా వెలిగితే దించేసేది. నూనె పాకానికి వచ్చినప్పుడు పైన నురుగు కడుతుంది. నూనెకు బదులు నెయ్యితో కాస్తే దీనికి తలకిందులు, ఉన్న నురుగు కాస్తా అణిగిపోతుంది. ఈ తేడా తెలియక చాలామంది నెయ్యిని మాడబెట్టేస్తారు.

నీరు ఒక్క చుక్క మిగిలినా నూనె నెల తిరగకుండా ముక్కిన వాసన వస్తుంది. అలాంటిది పసిదాని పుండు మీద రాయకూడదు.

కాకినాడ చర్మవైద్యురాలు · డిసెంబరు 4, ఉదయం 7:30

రాజోలు అమ్మ గారూ, పాపను చూడకుండా మందు పేరు రాయను, క్షమించండి. ఇప్పుడు చెయ్యాల్సింది మాత్రం చెబుతాను. రసి కారుతున్న చోట ఈ రెండు మూడు రోజులు నూనె గానీ, మలాం గానీ, ఆకు గానీ ఏదీ పెట్టకండి. కాచి చల్లార్చిన నీళ్లలో మెత్తటి పాత నూలు పంచె ముక్క తడిపి, పిండి, పది పదిహేను నిమిషాలు ఆ మడత మీద వెయ్యండి. రోజుకు రెండు మూడుసార్లు. ఈరోజో రేపో డాక్టరుకు చూపించండి. తేనె రంగు చెక్కులు కట్టినా, చీము పట్టినా, చుట్టూ వేడిగా ఎర్రబడినా అక్కడ క్రిమి చేరిందని అర్థం, యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకోండి. ఎగ్జిమా ఉన్న చోట ఒకే సైజులో చిన్న నీటిపొక్కులు గుంపుగా వచ్చి, జ్వరం, నొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది హెర్పిస్ వైరస్. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నవాళ్లను పాపకు ముద్దు పెట్టనివ్వకండి.

లంకతోట బాబాయి గారు పొడి ఒళ్లు అన్నారు కదా, అసలు విషయం అదే. మన ఏటిగట్టు ఎలాగో ఒంటికి చర్మం అలాగ. ఈ పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే ఆ గట్టుకు బుంగలుంటాయి. లోపలి తడి బయటికి పోతుంది, బయటి సబ్బు, దుమ్ము, క్రిములు లోపలికి వస్తాయి. ఒంటికి వాటిని చూసి కోపం వచ్చినట్టు ఎర్రబడి, వాచి, దురద పెడుతుంది. చర్మానికి గట్టిదనం ఇచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. అందుకే రోజూ రెండుసార్లు తేమ నిలిపే పూత రాయడం మానకూడదు. బుంగ పూడ్చకుండా నీళ్లు తోడుకుంటూ కూర్చుంటే లాభం లేదు. మీ పాపకు క్రీము ఆపగానే తిరగబెట్టడానికి కారణం బహుశా మధ్య రోజుల్లో ఏమీ రాయకపోవడమే.

రాజోలు అమ్మ · డిసెంబరు 4, ఉదయం 9:05

నిజమేనండి. తగ్గగానే అన్నీ ఆపేసేదాన్ని. స్టీరాయిడ్ అంటే భయం, రాసేటప్పుడు కూడా బియ్యపు గింజంత రాసేదాన్ని. ఈరోజు మధ్యాహ్నం బండి మీద తీసుకెళుతున్నాం.

కాకినాడ చర్మవైద్యురాలు · డిసెంబరు 4, మధ్యాహ్నం 1:40

ఆ భయంతోనే చాలామంది తల్లులు తక్కువ రాస్తారు. మంట పూర్తిగా ఆరదు, దాంతో నెలల తరబడి రాయాల్సి వస్తుంది. కొలత చెబుతాను. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి గణుపు పొడవునా ట్యూబు నుంచి గీతలా పిండితే అర గ్రాము వస్తుంది. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. డాక్టరు చెప్పిన రోజులు, చెప్పినంత రాసి ఆపండి. తేమ పూతకు మాత్రం ఈ పిసినారితనం వద్దు. పిల్లలకు వారానికి పావు కిలో దాకా పట్టవచ్చు.

తణుకు ఆయుర్వేదం · డిసెంబరు 4, రాత్రి 8:15

నేను ఆయుర్వేద విద్యార్థిని, చివరి ఏడాది. అత్తయ్య గారు గజ్జి మందు ఎగ్జిమాకు వేశారని లంకతోట తాతగారు అన్నారు. మన ఊళ్లలో జరిగే నష్టంలో సగం ఇక్కడే ఉంది. పాత గ్రంథాల్లో ఈ మూడూ మూడు వేర్వేరు పేర్లతో ఉన్నాయి. పామ అంటే మనం గజ్జి అనేది. దద్రువు అంటే గుండ్రంగా అంచు కట్టే తామర. విచర్చిక అంటే దురద, నలుపు, స్రావం ఉన్నది, ఇప్పటి ఎగ్జిమాకు దగ్గర. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం గోక్కున్నదల్లా తామర అయిపోయింది.

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు, రాత్రి దురద ఎక్కువ, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చిందంటే అది గజ్జి. పురుగు వల్ల వస్తుంది. ఒకరికి రాస్తే పోదు, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకుని పక్కబట్టలు ఉతకాలి. గుండ్రటి మచ్చ, అంచు ఉబ్బి, మధ్యలో మామూలుగా ఉంటే తామర. అది బూజు జాతి. మోచేతి, మోకాలి మడతల్లో అంచు లేకుండా పరుచుకున్న ఎరుపు, ఇంట్లో ఆయాసమో తుమ్ములో ఉన్నవాళ్లు ఉండటం, ఒళ్లంతా పొడి, ఇదీ ఎగ్జిమా తీరు.

పాలకొల్లు మందుల షాపు · డిసెంబరు 4, రాత్రి 9:30

ఈ తామర మాట గురించి నేను రాయాలి. ఇరవై రెండేళ్లుగా కౌంటరు దగ్గర నిలబడుతున్నాను. వానాకాలం వస్తే రోజూ కనీసం పదిమంది “తామరకి ఏదన్నా ట్యూబు ఇవ్వండి” అంటారు. స్టీరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు ఉంటాయి. అవి నేనూ ఇచ్చాను, ఒప్పుకుంటున్నాను. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మనిషి సంతోషంగా వెళతాడు. బూజు మాత్రం లోపల ఎంచక్కా పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని ఎదిరించే శక్తిని స్టీరాయిడ్ నిద్రపుచ్చుతుంది.

రైసు మిల్లులో పనిచేసే కుర్రాడు ఒకడు నా దగ్గర నాలుగు నెలలు అదే ట్యూబు కొన్నాడు. ఒకరోజు చొక్కా ఎత్తి చూపించాడు. నడుము దగ్గర రూపాయి బిళ్లంత ఉన్నది పొట్ట మీదకు, వీపు మీదకు పాకింది. ఒక వలయంలో ఇంకో వలయం. తొడ లోపల చర్మం సాగి చారలు పడ్డాయి. ఆ చారలు పోవు. ఆ రోజు నుంచి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వడం మానేశాను. 2018లో కేంద్రం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, పెట్టింది. చీటీ అడిగితే కోప్పడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోప్పడినా ఫరవాలేదు.

కడియం నర్సరీ · డిసెంబరు 5, ఉదయం 6:50

మొక్కల సంగతి నేను చెబుతాను. తామరకు మన పెద్దవాళ్లు వాడిన మొక్క మెట్టతామర. పచ్చటి పువ్వు కొవ్వొత్తిలా నిలబడుతుంది. కాలువ గట్ల మీద, ఖాళీ జాగాల్లో చూసే ఉంటారు. దాని ఆకులో బూజును అణిచే గుణం ఉంది. కానీ అది తామర మొక్క. ఎగ్జిమా మీద నూరి పెడితే ఒరుపు ఇంకా పెరుగుతుంది. పేరు ఒకటే అని మందు కూడా ఒకటే అనుకోకండి.

ఈ మధ్య చాలామంది ఫోన్‌లో విదేశీ వీడియోలు చూసి కేలెండ్యులా అనే పువ్వుతో మలాం చేస్తామని వచ్చి బంతిపూలు అడుగుతున్నారు. మన ముద్దబంతి వేరు, కేలెండ్యులా వేరు. రంగు కలుస్తుంది, అంతే. పైగా రెండూ చామంతి కుటుంబం. వయ్యారిభామ కూడా ఆ కుటుంబమే. గట్ల మీద వయ్యారిభామ పీకి మొహం, మెడ, చేతులు నల్లబడి ఒరుసుకుపోయిన వాళ్లు మా దగ్గర కూలీల్లోనే ఉన్నారు. అలాంటి మనిషికి చామంతి తగిలినా రేగవచ్చు. వాళ్లు ఈ పూల మలాం జోలికి వెళ్లకపోవడం మంచిది.

కలబంద కూడా చాలామంది తప్పుగా వాడతారు. మట్ట కోయగానే తొక్క కింద నుంచి పసుపు జిగురు కారుతుంది. దురద పుట్టించేది అదే. కోసిన మట్టను పదిహేను నిమిషాలు నిలువుగా నిలబెట్టి ఆ జిగురంతా కారనివ్వాలి. తర్వాత తొక్క తీసి, లోపలి గుజ్జును కడిగి, ముందు పెద్దవాళ్ల మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడాలి.

మోరి జీడిపప్పు · డిసెంబరు 5, మధ్యాహ్నం 2:10

నేను జీడిపిక్కలు కొట్టే పనికి పదమూడేళ్లు వెళ్లాను. మా మోరిలో సగం ఇళ్ల ఆడవాళ్లకు ఈ పని తెలుసు. పిక్క తొక్కలో ఉండే నల్లటి జీడినూనె చేతికి తగిలితే ముందు నల్లబడుతుంది, తర్వాత పొర లేచి ఊడుతుంది, కింద గులాబీ రంగు చర్మం. ఉప్పు ముట్టుకుంటే ప్రాణం పోయేది. అన్నం చెంచాతో తిన్న రోజులున్నాయి. మేం పనికి ముందు చేతులకు నూనె పట్టించి బూడిద అద్దుకునేవాళ్లం. పూర్తిగా ఆపదు గానీ కొంత కాస్తుంది.

చేతులకు ఎగ్జిమా అని డాక్టరమ్మ చెప్పాక గ్లౌజులు వేసుకోవడం మొదలుపెట్టాను. లోపల పల్చటి నూలు గ్లౌజు, పైన రబ్బరుది. ఒక్క రబ్బరుదే వేస్తే చెమటకు ఇంకా పాడవుతుంది. రాత్రి పడుకునే ముందు చేతులకు మందంగా వాజెలిన్ రాసి అదే నూలు గ్లౌజు వేసుకుని పడుకుంటాను. ఇప్పుడు గోరింటాకు పెట్టుకోగలుగుతున్నాను. పాపగారికి త్వరగా తగ్గాలి చెల్లీ.

భీమవరం రొయ్యల షెడ్డు · డిసెంబరు 5, సాయంత్రం 6:30

రొయ్య వొలిచే చోట కూడా ఇదే గోస అక్కా. ఐసు నీళ్లు, క్లోరిన్, రొయ్య ముల్లు. వేళ్ల సందులు ఒరిసిపోతాయి. నూలు గ్లౌజు కిటుకు మా వాళ్లకు చెబుతాను.

నరసాపురం లేసు · డిసెంబరు 6, ఉదయం 11:00

మా అమ్మమ్మ నూరుసార్లు కడిగిన నెయ్యి చేసేది. దాని గురించి ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను. రాగి పళ్లెంలో ఆవునెయ్యి వేసి, చల్లటి నీళ్లు పోసి, అరచేత్తో గుండ్రంగా రుద్దాలి. నీళ్లు వంచేసి మళ్లీ పొయ్యాలి. పదిసార్లకు పసుపు రంగు తగ్గుతుంది. యాభై దాటాక నెయ్యి వాసన పోతుంది. నూరు అయ్యేసరికి తెల్లగా, వెన్న కంటే మెత్తగా, గింజ లేకుండా వేలికి జారిపోతుంది. లెక్క తప్పకుండా చింతగింజలు పక్కన పెట్టుకునేది. నాకు లేసు కుట్టేటప్పుడు దారం ఒరుసుకుని చూపుడువేలు పగిలితే అదే రాసేది. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. పాపకు పనికొస్తుందా డాక్టరు గారూ?

కాకినాడ చర్మవైద్యురాలు · డిసెంబరు 6, రాత్రి 9:15

పెద్దవాళ్ల కాలి పగుళ్లకు, ఒరుసుకున్న వేళ్లకు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. అందులో నీరు కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండదు, కొంచెం కొంచెం చేసుకోవాలి. పాపకు మాత్రం వద్దంటాను. పగిలిన ఎగ్జిమా చర్మం గుండా తినే పదార్థాల ప్రోటీన్లు లోపలికి వెళితే, ఒళ్లు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుని తర్వాత తిన్నప్పుడు ఎలర్జీ రావచ్చు. నెయ్యిలో పాల ప్రోటీన్ ఎంతో కొంత మిగిలే ఉంటుంది. శనగపిండి, పెసరపిండి నలుగు కూడా ఈ పిల్లలకు అందుకే వద్దు. పైగా ఆ గరుకు ఒకటి.

రాజోలు అమ్మ · డిసెంబరు 7, రాత్రి 10:00

డాక్టరు గారికి చూపించాం. చీము పట్టడం మొదలైందన్నారు, సిరప్, ఒక క్రీము రాశారు. రసి ఆగింది. రాత్రి కాస్త నిద్రపోయింది.

ఇంకా కొన్ని అడగాలి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. దాని వల్లేనా? అత్తయ్య గారు వంకాయ, గోంగూర, చేప, రొయ్య, గుడ్డు అన్నీ మానిపించారు. ఆరు నెలలుగా పప్పు, పెరుగే. పాప చిక్కిపోయింది. మా పక్కింటావిడ కొబ్బరినూనెలో ముద్దకర్పూరం కరిగించి రాస్తే దురద ఆగుతుంది అంటున్నారు.

కాకినాడ చర్మవైద్యురాలు · డిసెంబరు 8, ఉదయం 7:10

కర్పూరం పసిపిల్లలకు వద్దే వద్దు. చల్లగా అనిపించి దురద మరిచిపోతారు గానీ అది పుండు గుండా ఒంట్లోకి పోతుంది. పొరపాటున నోట్లోకి కొంచెం పోయినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. వేపనూనె కూడా పసిపిల్లల నోటికి తగలనివ్వకండి, అదీ ప్రమాదమే.

వంకాయ వల్ల ఎగ్జిమా రాదమ్మా. గోంగూర వల్ల కూడా రాదు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న కొందరు పిల్లలకు గుడ్డు, పాలు, వేరుశనగ లాంటి వాటికి ఎలర్జీ ఉంటుంది. అలాంటి పిల్లలు తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతి, పెదవి వాపు కనిపిస్తాయి. అలా ఎప్పుడూ జరగకపోతే ఊరికే మానిపించడం వల్ల పాపకు బలం తగ్గడం తప్ప ఏమీ ఉండదు. ఆరు నెలలు ఆపారు కాబట్టి గుడ్డు మళ్లీ మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టరును ఒక మాట అడగండి.

నీళ్ల సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కఠినమైన నీళ్లు, అంటే మీవిలా సబ్బు నురగ రాని నీళ్లు, ఉన్న చోట పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువ కనిపిస్తుంది. సబ్బు ఆ నీళ్లతో కలిసి చర్మం మీద పేరుకుంటుంది. వీలైతే పాప స్నానానికి ఒక బకెట్టు వాన నీళ్లో, కుళాయి నీళ్లో విడిగా ఉంచండి. గోరువెచ్చగా, ఐదు పది నిమిషాలు. కుంకుడు రసం ఒంటి మీద కారకుండా తల వంచి పోయండి. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒళ్లు కొంచెం చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపల పూత రాసేయండి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి.

రాజోలు అమ్మ · డిసెంబరు 8, ఉదయం 8:00

అయితే మన కొబ్బరినూనె రాయొచ్చా అండి? ఒట్టి నూనె?

కాకినాడ చర్మవైద్యురాలు · డిసెంబరు 8, రాత్రి 9:50

పుండు మానాక రాయొచ్చు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద ఎనిమిది వారాలు చూశారు, 2014లో అచ్చయింది. పచ్చికొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసింది. పిల్లలకు మర్దనకు మంచిదని కొందరు తెప్పించుకునే ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం ఈ చర్మానికి సరిపడవు, గట్టును ఇంకా బలహీనం చేస్తాయి.

మలాం చేస్తే నూనె, మైనం, ఇంతే. ఆకులు, అత్తరు, పసుపు ఏదీ వద్దు. పాపకు రేపు మళ్లీ ఎర్రబడితే ఏది పడలేదో తెలియాలి కదా. రెండు వస్తువులుంటే వెతకడం సులువు, పది ఉంటే ఎక్కడని వెతుకుతాం? ఎగ్జిమా రేగినప్పుడు డాక్టరు ఇచ్చిన క్రీమే రాయాలి, మలాం దానికి బదులు కాదు.

లంకతోట · డిసెంబరు 9, తెల్లవారుజాము 5:00

డాక్టరమ్మ చెప్పింది నాకు నచ్చింది. మా అమ్మ కూడా పసిపిల్లలకు ఒట్టి నూనే ఇచ్చేది, ఆకు తైలాలు పెద్దవాళ్లకే.

నూనె ఎండుకొబ్బరి గానుగది కాకుండా పాలు తీసి కాచినదైతే మేలు. బాగా ముదిరిన కాయలు పది తీసుకో తల్లీ. తురిమి, గోరువెచ్చటి నీళ్లు చల్లి, గుడ్డలో వేసి పాలు పిండు. రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దుటికి మీగడ పైకి తేలి, నీరు కిందకు దిగుతుంది. మీగడ మాత్రమే తీసి సన్న సెగ మీద కలుపుతూ ఉండు. ముందు పెరుగులా విరుగుతుంది, తర్వాత మడ్డి విడిపోయి నూనె తేటగా కనపడుతుంది. మడ్డి బంగారు రంగులోకి రాగానే దించెయ్. గోధుమ రంగు దాకా ఆగితే మాడు వాసన. చిటపట చప్పుడు పూర్తిగా ఆగిపోవాలి, నీరు పోయిందనడానికి అదే గుర్తు. పది కాయలకు అర లీటరు కూడా రాదు, బెంగపడకు. పొడి గుడ్డలో వడకట్టి పొడి గాజుసీసాలో పొయ్యి.

మలాంకి నూరు గ్రాముల నూనెకు ఇరవై గ్రాముల తేనెమైనం. మైనం నేరుగా పొయ్యి మీద పెట్టకు, అంటుకుంటుంది. గిన్నెలో నీళ్లు మరగనిచ్చి అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి కరిగించు. నీటి ఆవిరి లోపల పడనివ్వకు. స్పూను వెనక కొంచెం పోసి ఆరనిచ్చి వేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే నూనె, జారిపోతే మైనం కలుపు. కొబ్బరినూనె ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీలకే కరుగుతుంది. ఇప్పుడు పొద్దున్నే సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉన్నది మధ్యాహ్నానికి నీళ్లవడం చూస్తున్నాంగా. మైనం వేసేది దాన్ని నిలబెట్టడానికే. డబ్బాలోంచి వేలితో తీయకు, పొడి చెంచాతో తియ్యి.

రాజోలు అమ్మ · జనవరి 16, మధ్యాహ్నం 3:30

అందరికీ పండుగ శుభాకాంక్షలు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

డాక్టరు గారు చెప్పిన క్రీము పది రోజులు, గణుపు కొలత ప్రకారం రాశాను. తర్వాత నుంచి రోజూ రెండు పూటలా మలాం. నూనె మా అత్తయ్య గారే కాచారు. లంకతోట బాబాయి గారి పోస్టు చదివి వినిపిస్తే, “మా పుట్టింట్లో ఇలాగే తీసేవాళ్లు” అని మీగడ గిన్నె నా చేతిలోంచి తీసుకున్నారు. మొదటిసారి నేను చేసిన మలాం వెన్నలా జారిపోయింది, రెండోసారి కుదిరింది. డబ్బా మందు కాలువలో పారేయకుండా చెత్తబండిలో వేశాం.

భోగి రోజు తలంటు పోసేటప్పుడు నలుగు పెట్టలేదు. పిల్లకు నలుగు లేకుండా భోగి ఏమిటని పెద్దత్తయ్య గారు అన్నారు గానీ, మా అత్తయ్య గారే సర్దిచెప్పారు. మడతల్లో ఎరుపు లేదు. చర్మం కొంచెం నల్లగా ఉంది, అది మెల్లగా పోతుందన్నారు. మోకాలి వెనక ఒకచోట గరుకు ఇంకా ఉంది. కనుమ రోజు కోడికూర తిన్నది, ఏమీ కాలేదు. గుడ్డు కూడా డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టాం. వారంలో ఒకటి రెండు రాత్రులు గోక్కుంటుంది, ఇదివరకటిలా దుప్పటి మీద మరకలు లేవు.

మోరి జీడిపప్పు · జనవరి 16, రాత్రి 8:40

చాలా సంతోషం చెల్లీ. నేనూ ఆ మలాం చేసుకున్నాను, వాజెలిన్ కంటే చేతికి హాయిగా ఉంది. కానీ వంటింట్లో పొయ్యి పక్కన పెడితే కరిగిపోయింది. వేసవిలో ఎలా నిలుస్తుంది బాబాయ్ గారూ?

లంకతోట · జనవరి 17, తెల్లవారుజాము 5:10

పొయ్యి పక్కన పెట్టకమ్మా, నీళ్ల కుండ పక్కన నీడలో పెట్టు. కరిగినదాన్ని పారెయ్యక్కర్లేదు, మళ్లీ వెచ్చజేసి కలిపి గడ్డకట్టనియ్యి. రోహిణి కార్తెకు చేసుకునేటప్పుడు నూరు గ్రాములకు మైనం ఇంకో ఐదు గ్రాములు పెంచు.